ఏమీ తిననివాళ్ళ బరువు

మా ముత్తాత కందికట్ల ముత్తయ్య కరీంనగర్ వైపు పల్లె నుంచి మగ్గం విప్పి బండిలో వేసుకుని షోలాపూర్ వచ్చాడు. మా తాత రాజలింగం నాటికి భవాని పేట్‌లో మా కార్ఖానాలో అరవై చేతిమగ్గాలు ఆడేవి. కులపంచాయతీలో తాత కూర్చున్నాకే తక్కినవాళ్ళు కూర్చునేవారు. కొంతం చౌక్‌లో మా ఇంటిపేరు చెబితే టాంగావాడు కిరాయి బేరం ఆడేవాడు కాదు. మా నాన్న విఠల్ చేతిమగ్గాలు తీసేసి మరమగ్గాలు పెట్టి దుప్పట్లు నేయించాడు. నూలు ధర పెరిగింది, దుప్పటి ధర పెరగలేదు. నేను చదువు ముగించుకుని వచ్చేసరికి ఇంటిపేరు మిగిలింది, వాడా అని పిలిచే మా పాత పెద్దింట్లో ముందు భాగం మిగిలింది. ఆ ముందు గదిలో దవాఖానా పెట్టి ముప్పై ఎనిమిదేళ్ళు నడిపాను. రెండేళ్ళ కింద మూసేశాను.

వంశం గురించి చెప్పడం కొంత గొప్పకే, కాదనను. కానీ అసలు విషయానికి కూడా దానితో సంబంధం ఉంది. మా ఇంట్లో బరువంటే హోదా. తాత ఫోటోలో తాతకన్నా ముందు ఆయన పొట్ట కనిపిస్తుంది. సన్నగా ఉన్న మగవాణ్ణి చూస్తే పెళ్ళివాళ్ళు ఇల్లు గడవడం లేదా అని ఆరా తీసేవారు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు జనానికి బరువు తగ్గమని చెబుతూ బతికాడు. మా తాత వింటే ఇదేం పాడు వృత్తి అనేవాడు.

కొత్తగా దవాఖానా పెట్టుకుంటున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ సంఘం శాలువా కప్పిందో రాయను. శాలువాలకు మా ఇంట్లో ఎప్పుడూ కొదవ లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. బీడీలు చుట్టే సత్తవ్వకు బొడ్డు దగ్గర హెర్నియా ఉండేది. బరువు తగ్గితేనే ఆపరేషన్ అన్నాడు సర్జన్. నేను సలహా ఇచ్చాను. ఆ సలహా పాటించి ఆమె బరువు పెరిగింది. పేరు రాయనా అని ఆమెనే అడిగాను. "రాయుండ్రి సాబ్, గని కిలోలు రాయొద్దు" అంది. కాబట్టి కిలోలు రాయను.

చాయ్ అంటే పని

సత్తవ్వ కన్నా ముందు మా గురువు దేశ్‌పాండే సర్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయన ముప్పై ఏళ్ళ ముందే నన్ను హెచ్చరించాడు, నేను వినలేదు. హోట్గి రోడ్‌లో ఆయన దవాఖానాలో రెండేళ్ళు అసిస్టెంటుగా ఉన్నాను. మనిషి పొట్టి, మాట ఇంకా పొట్టి.

ఒకరోజు మరమగ్గాల మీద పనిచేసే నర్సయ్య అనే అతను వచ్చాడు. ఏడాదిలో బాగా లావయ్యాడు, మెట్లెక్కితే ఆయాసం. ఏం తింటావని అడిగాను. రెండు జొన్నరొట్టెలు, కొంచెం కూర అన్నాడు. అదే కాగితం మీద రాశాను. దేశ్‌పాండే సర్ ఆ కాగితం చూసి పక్కన పెట్టేసి, నిన్న పొద్దున కళ్ళు తెరిచినప్పటి నుంచి వరసగా చెప్పమన్నాడు. నర్సయ్య చెప్పుకుంటూ పోతుంటే సర్ వేళ్ళు మడుచుకుంటూ పోయాడు. పదకొండు చాయ్‌లు తేలాయి. చాయ్‌తో ఖారీ బిస్కెట్లు వేరే.

ముందే ఎందుకు చెప్పలేదని నేను కోప్పడ్డాను. నర్సయ్య నన్ను వింతగా చూశాడు. "చాయ్ తిండెట్లయితది సాబ్? చాయ్ అంటే పని" అన్నాడు.

అతను నిజమే చెప్పాడు. పన్నెండు గంటల పాళీలో, అంటే షిఫ్టులో, నాలుగు మగ్గాల మధ్య నిలబడేవాడికి చాయ్ ఇంజిన్‌లో పోసే నూనె లాంటిది. వారం పగటి పాళీ, వారం రాత్రి పాళీ. రాత్రి పాళీ వారంలో పొద్దున ఇంటికి రాగానే భార్య వేడి రొట్టె పెడుతుంది, మధ్యాహ్నం పిల్లలతో ఇంకోసారి, సాయంత్రం పనికి పోయేముందు మరోసారి. మూడూ పూర్తి భోజనాలే, ఎందుకంటే ఏది అసలు భోజనమో అతని కడుపుకు కూడా తెలియదు. నిద్ర మాత్రం సగం. నిద్ర తగ్గినవాడికి ఆకలి ఎక్కువవుతుందన్న సంగతి నేను పుస్తకంలో చదువుకున్నాను, నర్సయ్యలో చూశాను.

అతను వెళ్ళాక సర్ నాతో మరాఠీలో అన్న మాట నాకు ఇప్పటికీ కాలుతుంది. "నువ్వు సావుకారు కొడుకువి. నువ్వు అడిగితే ప్రశ్నలా ఉండదు, విచారణలా ఉంటుంది. విచారణలో ఎవరూ చాయ్ లెక్క చెప్పరు."

నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు లేదు.

థైరాయిడ్ కోసం మొక్కుకునేవాళ్ళు

కొన్ని ముక్కుసూటి మాటలు ఇక్కడే చెప్పేస్తాను.

లావెక్కినవాళ్ళలో చాలామంది తమకు థైరాయిడ్ ఉంటే బాగుండునని లోలోపల కోరుకుంటారు. పరీక్ష చేయించండి, కొందరికి నిజంగానే ఉంటుంది. లేదని తేలినప్పుడు వాళ్ళ మొహం చూడాలి, పరీక్ష తప్పినట్టు పెడతారు. ఇంట్లో వాడే మందులన్నీ సంచిలో వేసుకుని తెమ్మనండి. నడుము నొప్పికి ఎవరో పొట్లం కట్టి ఇచ్చిన గోళీల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. మొహం గుండ్రంగా అయితే అనుమానించండి. పేదవాళ్ళకు లావు రాదనుకోకండి. మన పేట్‌లో నూనె, చక్కెర, మైదా కన్నా చవకగా కడుపు నింపేది లేదు.

మా ఇంట్లో అందరం ఇంతే సాబ్, రక్తంలో ఉంది అంటారు. అందులో నిజం ఉంది. కానీ రక్తంతో పాటు గరిటె కూడా తల్లి నుంచి కూతురికి వస్తుంది. రొట్టెలు అందరూ లెక్కపెడతారు, పల్లీల చట్నీని ఎవరూ లెక్కపెట్టరు. రొట్టె రెండే, దాని మీద చట్నీ రొట్టె కనిపించనంత. ఆ చట్నీ మీద నూనె. మన ఊరి చట్నీని నేను నిందించను, చచ్చేదాకా తింటాను. లెక్కలో వేసుకోమంటాను, అంతే.

ఇంకొకటి. లావైనవాణ్ణి సోమరి అనడానికి మీ నోరు దురదపెడుతుంది. ఆపుకోండి. నేను ఆపుకోలేకపోయినప్పుడు ఏమైందో చెబుతాను.

కాంటా ముందు

సత్తవ్వకు అప్పటికి యాభై దాటాయి. పొద్దున ఆరింటికి ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చుంటే సాయంత్రం దాకా బీడీలు చుడుతుంది. ఆకు కత్తిరించడం, తంబాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం. చేతులు తప్ప ఒంట్లో ఇంకేదీ కదలదు. ముప్పై ఏళ్ళు అలాగే.

బొడ్డు దగ్గర నిమ్మకాయంత గడ్డ, దగ్గితే బయటికి వస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. సర్జన్ చూసి, ఈ కొవ్వు మీద కుట్లు నిలవవు, ముందు బరువు తగ్గించండి అన్నాడు. గడ్డ గట్టిపడి లోపలికి పోకుండా వాంతులైతే మాత్రం ఆ క్షణమే తీసుకురమ్మన్నాడు. సత్తవ్వకు ఆ మాట విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. వాళ్ళ చిన్నమ్మ దాదాపు ఇదే వయసులో అలాగే గడ్డ ఇరుక్కుని రెండు రోజుల్లో పోయింది.

"నాకు ఆపరేషన్ కావాలె సాబ్. చిన్నమ్మ లెక్క నేను పోను" అంది.

నేను వారానికి రెండు రోజులు ఒక పూట తిండి మానేయమన్నాను. చేతులు జోడించింది. ఒక్కపొద్దులు తనకు అలవాటేనని, ఇప్పటికే సోమవారం ఉంటున్నానని, గురువారం, శనివారం కూడా ఉంటానని చెప్పింది. ఇంత బుద్ధిమంతురాలైన పేషెంటు ఎక్కడ దొరుకుతుందని నేను మురిసిపోయాను.

నెల తరువాత కొంచెం పెరిగింది. నీళ్ళేమో అనుకున్నాను. రెండో నెల ఇంకొంచెం. థైరాయిడ్ పరీక్ష చేయించాను, బాగానే ఉంది. మందుల సంచి తెప్పించాను, ఏమీ లేదు. మూడో నెల కాంటా ముల్లు ఇంకా ముందుకు జరిగింది. దవాఖానాలో రెండు బల్లల నిండా జనం. అందరూ వింటుండగా నేను, "సత్తవ్వా, కాంటా అబద్ధం చెప్పదు" అన్నాను.

ఆమె కాంటా దిగలేదు. నా వైపు తిరిగింది.

"అయితే నేను జెప్తున్ననా? ఉపాసాలుండి నా పానం పోతున్నది, మీరేమో నన్ను నలుగురిల దొంగను జేస్తున్నరు."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నేను తరువాతి పేషెంటును పిలిచాను. ఆరోజు నాకేమీ తప్పు చేసినట్టు అనిపించలేదు, అది కూడా రాయాలి.

రెండు నెలలు రాలేదు. ఒకరోజు ఆమె కోడలు సునీత పిల్లకు దగ్గు మందు కోసం వచ్చింది. అత్త ఎలా ఉందని అడిగాను. సునీత తల వంచుకుని, ఇప్పుడు వారానికి నాలుగు ఉపాసాలు ఉంటున్నదని, మీకు చూపిస్తానని పంతం పట్టిందని చెప్పింది. గడ్డ ఇప్పుడు దగ్గకపోయినా నొస్తున్నదట. పడుకున్నాక లోపలికి పోవడానికి చాలాసేపు పడుతున్నదట.

నాకు మొదటిసారి భయం వేసింది.

రెండు ఉపవాసాలు ఒక కడుపు

మా వంశంలో మగవాళ్ళు పనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళలేదు. వాళ్ళే మా గడపకు వచ్చేవారు. నేను డాక్టరునయ్యాక కూడా మంచం పట్టినవాళ్ళ దగ్గరకు తప్ప వెళ్ళేవాణ్ణి కాదు. ఆ శనివారం పొద్దున పదకొండింటికి వెళ్ళాను. మా వాడా నుంచి రెండు మలుపులే, కానీ ఆ గల్లీ లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదు.

సత్తవ్వ గోడకు ఆనుకుని చాటతో కూర్చుని ఉంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. సునీత చాప వేసింది. గడ్డ చూశాను, ఇంకా మెత్తగానే ఉంది, నెమ్మదిగా లోపలికి పోయింది. ఊపిరి పీల్చుకుని లేవబోతుంటే సునీత రెండు పళ్ళేలు తెచ్చింది. ఒకటి నాకు, ఒకటి అత్తకు. సగ్గుబియ్యంతో చేసే సాబుదానా ఖిచిడీ, నెయ్యితో మెరిసిపోతూ. అందులో పల్లీలు, ఆలుగడ్డ ముక్కలు. పక్కన చక్కెర వేసిన పెరుగు.

"తినుండ్రి, ఉపాసందే" అంది సత్తవ్వ. "ఉపాసంల సాబుదాన నడుస్తది."

నేను చెంచా పక్కన పెట్టాను. ఆపై దేశ్‌పాండే సర్ అడిగినట్టు అడిగాను. ఉపాసం రోజు పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం నడుస్తుందో చెప్పమన్నాను. పదకొండింటికి ఇది. ఒంటిగంటకు పల్లీ లడ్లు, రెండు అరటిపండ్లు. నాలుగింటికి ఆలు చిప్స్, చాయ్. పొద్దుమీకి దీపం పెట్టి ఒక్కపొద్దు విడవడం: దేవునికి నైవేద్యం పెడతారు కాబట్టి అన్నం, పప్పు, పూరీలు, శనివారమైతే పోలెలు, అంటే బొబ్బట్లు. పొద్దంతా ఉపాసం ఉన్న మనిషని కోడలు ఇంకొంచెం వడ్డిస్తుంది.

మా పేట్‌లో జరిగింది ఇది. నాకు తెలిసిన మరాఠీ ఇళ్ళలో ఉపాసం రోజు సాబుదానా తింటారు, రాత్రికి పాలూ పండుతో ముగిస్తారు. మన తెలుగువాళ్ళ ఒక్కపొద్దులో పొద్దంతా నోట్లో ఏమీ పడదు, సాయంత్రం కడుపారా తింటారు. రెండూ మంచి పద్ధతులే. మనం మూడు తరాలుగా మరాఠీ పొరుగున ఉండి, వాళ్ళ పగటిపూట తీసుకున్నాం, మన సాయంత్రం వదులుకోలేదు. రెండు ఉపవాసాల్లోనూ తినే సగాలను ఏరి కలుపుకున్నాం. మా అమ్మ కూడా ఇలాగే ఉండేది. ఆ ఖిచిడీ తింటూ పెరిగినవాణ్ణి నేను. అది తిండి అని నాకూ ఏనాడూ తట్టలేదు.

సత్తవ్వ అబద్ధం చెప్పలేదు. ఉపాసం ఉన్నానంది, పగలు అన్నం ముట్టలేదు. వారానికి ఒకటిగా ఉన్న రోగాన్ని నేను మూడు చేశాను. నా మాట మీద పంతంతో ఆమె నాలుగు చేసింది.

"సత్తవ్వా, తప్పు నాది. నువ్వు నిజమే చెప్పినవ్" అన్నాను. ఈ మాట అనడానికి నాకు ఎంతసేపు పట్టిందో సునీత చూసింది, ఖిచిడీ చల్లారిపోయింది.

సత్తవ్వ బీడీకి దారం కట్టి కట్టలో వేసింది. "ఆ మాట దవాఖానల అనుండ్రి సాబ్. దొంగనన్నది నలుగురిల గద."

సోమవారం వచ్చింది. కోడలినీ, పొరుగు ఆడవాళ్ళిద్దరినీ సాక్షులుగా వెంటబెట్టుకుని మొదటి బల్ల మీద కూర్చుంది. నేను లేచి నిలబడి అందరి ముందూ అదే మాట చెప్పాను. ఒక ముసలాయన పక్కవాణ్ణి ఏమైందని గట్టిగా అడిగాడు. సావుకారు తప్పయిందంటున్నడు అని పక్కవాడు ఇంకా గట్టిగా చెప్పాడు. పిల్లలూ, మీకూ ఈ రోజు వస్తుంది. వచ్చినప్పుడు లేచి నిలబడండి. కూర్చుని చెబితే చెల్లదు.

తరువాత బేరం కుదిరింది. సోమవారం ఒక్కటే ఉపవాసం, అదీ మన పద్ధతికి దగ్గరగా: పగలు మజ్జిగ తప్ప ఇంకేమీ లేకుండా, సాయంత్రం రోజూ తినేంత అన్నం. మిగతావి బంద్. దేవుడు కోపం చేస్తాడేమోనని ఆమె భయం. దేవునికి నేను చిట్టీ రాసిస్తానన్నాను. నిజంగానే రాయించుకుంది. డాక్టర్ చెప్పినందున మూడు ఉపవాసాలు రద్దు అని నా లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేశాను. దేవుని గూట్లో పెట్టుకుంది.

ఎక్కడ నడవాలి

తిండి సగమే. కూర్చోవడం మిగతా సగం. వంద బీడీలు కాగానే లేచి నిలబడి ఇల్లంతా ఒకసారి తిరిగి రమ్మన్నాను. గంటలు లెక్కపెట్టమంటే మరిచిపోతారు, చేసే పనినే గడియారం చేయాలి. ఇది మీకు పనికొచ్చే చిట్కా. దీనికి ఆమె ఒప్పుకుంది. రోజూ అరగంట నడవమంటే మాత్రం నవ్వింది.

"యాడ నడువాలె? పనిలేక తిరిగే ఆడిదాన్ని జూస్తే గల్లీల ఏమంటరో మీకు తెల్వదా?"

ఉపాయంగా చేతిలో సంచి పట్టుకుని బజారుకు వెళ్ళినట్టు నడిచింది. ఖాళీ సంచితో తిరిగొస్తే బాగుండదని ఖారీ, అరటిపండ్లు నింపుకొచ్చింది. వారం తరువాత ఆ నడక నేనే ఆపించాను.

దవాఖానా వెనక మా పాత కార్ఖానా షెడ్డు తాళం వేసి ఉంది. తాళం తీశాను. సత్తవ్వ, ఆ ఇద్దరు సాక్షులు, తరువాత ఇంకో ఎనిమిది మంది, సాయంత్రం అయిదింటికి అక్కడ నడవడం మొదలుపెట్టారు. గోడ వెంట చుట్లు. కావలసినన్ని ముచ్చట్లు. పదకొండు మందిలో బరువు తగ్గింది ఆరుగురే, అబద్ధం చెప్పను. ఒకామె రెండు కిలోలు పెరిగింది కూడా, నడిచి వచ్చి మిర్చి భజ్జీ తినేది.

చిక్కల్లా షెడ్డు నడిమధ్య ఉన్న నాలుగు మరమగ్గాలతో. ఇక్కడివాళ్ళు సాంచెలంటారు. మా నాన్న పెట్టినవాటిలో చివరివి. కరెంటు కనెక్షన్ తీసేసి ఏళ్ళయింది. అయినా దసరాకు వాటికి పసుపు కుంకుమ పెట్టేవాణ్ణి, ఎవరైనా కొంటామని వస్తే కందికట్లవారి సాంచెలు అమ్మకానికి లేవని పంపేసేవాణ్ణి. వాటి చుట్టూ దారి ఇరుకు. మలుపులో చీరకొంగు ఇనుముకు పట్టుకునేది, ఎవరో ఒకరికి తుంటి తగిలేది. ఒకరోజు సత్తవ్వ పొట్టకు అడ్డంగా చెయ్యి పెట్టుకుని అక్కడ ఆగిపోయింది.

"సాబ్, ఈ సాంచెలు ఏం నేస్తున్నయి?"

ఏమీ లేదన్నాను.

"మరి ఇవి ఉత్తగ కూసుంటె ఏమనరు. నన్నేమో కూసోవద్దంటరు."

ఆడవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు. జేబురుమాలు తీసి దగ్గరి సాంచె మీద దుమ్ము తుడిచాను.

అయిదు నెలలు పట్టింది. సర్జన్ చెప్పినంత తగ్గలేదు, కొంచెం తక్కువే. గడ్డ ఇబ్బంది పెరుగుతోందని, ఇంతకన్నా ఆగడం మంచిది కాదని, ఇది చాలని ఆయన ఒప్పుకున్నాడు. ఆపరేషన్ రోజు నేను బయట కుర్చీలో కూర్చున్నాను, సునీత చిప్స్ ప్యాకెట్ ఇస్తే తిన్నాను. సాయంత్రానికి సత్తవ్వ కళ్ళు తెరిచి, అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నాను. చిన్నమ్మ వయసు దాటిన అని, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కుట్లు మానేదాకా బరువులు ఎత్తకూడదని, పొట్టకు ఏదీ తగలకుండా చూసుకోవాలని, నెల తరువాత నడక మొదలుపెట్టవచ్చని సర్జన్ చెప్పాడు. బెల్టు కట్టుకుని ఫలానా సోమవారం నుంచి షెడ్డుకు వస్తానని ఆమె సునీతతో కబురు పంపింది.

ఆ సోమవారానికి రెండు రోజుల ముందు, నాలుగు సాంచెలనూ పాత ఇనుము కొనేవాడికి తూకం మీద అమ్మేశాను.